ఒళ్లో చంటిది, కొంగు పట్టుకుని పెద్దోడు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఇంట్లో రెండేళ్లదో మూడేళ్లదో ఒక బిడ్డ, ఆ వెనకే ఇంకో కాన్పు. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఈ విషయం మీద వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. జవాబుల్లో మళ్లీ మళ్లీ వచ్చే మాట ఒకటుంది, దాన్ని ముందే చెప్పేస్తాం. పాలివ్వడం ఒక్కటి తప్ప చంటిబిడ్డ పనులన్నీ ఇంట్లో ఎవరైనా చేయగలరు. పెద్దబిడ్డకు మాత్రం అమ్మ బదులు ఇంకొకరు సరిపోరు. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. సాయానికి వచ్చినవాళ్లంతా పెద్దబిడ్డను ఎత్తుకుపోతారు, అమ్మేమో చంటిబిడ్డతో గదిలో మిగిలిపోతుంది.

ప్రశ్న: నాకు ఎనిమిదో నెల. పెద్దోడికి రెండేళ్లు. ఉండేది శ్రీకాళహస్తిలో, పుట్టిల్లు పాకాల దగ్గర పల్లె. కాన్పు తిరుపతిలో అనుకున్నాం. బిడ్డకు మూడో నెల వచ్చేదాకా అమ్మ దగ్గరే ఉండాలంట. "ఇద్దర్నీ ఎట్లా చూసుకుంటావు, అబ్బోణ్ణి మా దగ్గర వదిలిపెట్టి పో" అంటోంది మా అత్త. వదిలితే మంచిదేనా? వాడికి చెల్లో తమ్ముడో వస్తారని ఎప్పుడు, ఎట్లా చెప్పేది?
– ఒక సోదరి, శ్రీకాళహస్తి

జవాబు: అత్తగారు మీ మేలు కోరే అంటున్నారమ్మా. అయినా బాబును వెంట తీసుకుపొండి. రెండేళ్ల బిడ్డకు మూడు నెలలంటే పుట్టినప్పటి నుంచి గడిచిన కాలంలో ఎనిమిదో వంతు. అన్నాళ్లు దూరంగా ఉండి తిరిగి వచ్చేసరికి అమ్మ ఒళ్లో ఇంకొకరు కనబడితే, ఈ పాపాయి కోసమే నన్ను వదిలేసిపోయారని వాడికి తోస్తుంది. వాళ్ల నాన్న, జేజి వారానికోసారైనా పాకాలకు వచ్చి వాడితో గడిపితే అదే పెద్ద సాయం.

కాన్పుకు మూడు నాలుగు వారాల ముందే పుట్టింటికి చేరండి. కొత్త ఇల్లు, కొత్త పడక, కొత్త బిడ్డ అన్నీ ఒకే వారంలో మీద పడితే రెండేళ్లవాడు తట్టుకోలేడు. వాడు రోజూ వాడే దుప్పటి, దిండు, కంచం, గ్లాసు వెంట పెట్టుకోండి. దుప్పటిని ఉతకకుండానే తీసుకుపొండి, ఆ వాసనకే వాడు నిద్రపోతాడు.

అన్నిటికంటే ముఖ్యమైన పని నిద్ర పుచ్చే చెయ్యి మార్చడం. ఇప్పుడు మీరే జోకొడుతుంటే, ఈ వారం నుంచే రెండు రాత్రులు అమ్మమ్మో నాన్నో పడుకోబెట్టాలి, వచ్చే వారం మూడు రాత్రులు. మొదట ఏడుస్తాడు. మీరు పక్క గదిలోనే ఉన్నారని తెలిసి ఏడవడం వేరు, మీరు ఆసుపత్రిలో ఉన్న రాత్రి మొదటిసారి ఏడవడం వేరు. మామూలు కాన్పయితే కనీసం 48 గంటలు, ఆపరేషనయితే మామూలుగా 5 నుంచి 7 రోజులు మీరు ఇంట్లో ఉండరు. ఆ రాత్రుల కోసమే ఈ అలవాటు.

పాలు మాన్పించడం, చెడ్డీ తడపకుండా నేర్పడం, వేరే పడక వేయడం, అంగన్‌వాడీలో చేర్చడం లాంటి పెద్ద మార్పులు మొదలుపెట్టే సమయం ఇది కాదు. కాన్పుకు రెండు మూడు నెలల ముందే అయిపోయి ఉంటే సరే. లేకపోతే బిడ్డ పుట్టిన రెండు మూడు నెలల దాకా ఆ ఊసు ఎత్తకండి. ఎనిమిదో నెలలో హడావిడిగా నేర్పింది బిడ్డ పుట్టిన వారానికే మర్చిపోతాడు, ఆ తర్వాత ఇంటిల్లిపాదీ వాణ్ణి తిట్టడం మొదలవుతుంది.

చెప్పడానికి ఇదే సరైన వేళ. నాలుగో నెలలోనే చెబితే "ఎప్పుడొస్తుంది" అనే ఎదురుచూపు తప్ప వాడికేమీ అర్థం కాదు. తేదీలు వద్దు. "మనం అమ్మమ్మ వాళ్లింటికి పోతాం. కొన్నాళ్లకు అమ్మ ఆసుపత్రికి పోతుంది. నువ్వు అమ్మమ్మ దగ్గర పడుకుంటావు. తర్వాత అమ్మ పాపాయిని తీసుకొని ఇంటికి వస్తుంది." ఇంతే, ఇదే వరుసలో రోజూ చెప్పండి. "నీతో ఆడుకోవడానికి తమ్ముడొస్తాడు" అని మాత్రం అనకండి. పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, మిగతా సమయంలో ఏడుస్తుంది, పాలు తాగుతుంది. ఆట ఎక్కడ? పైగా చెల్లో తమ్ముడో ఎవరికి తెలుసు? "పాపాయి ఏడుస్తుంది, నువ్వూ చిన్నప్పుడు అట్లాగే ఏడ్చావు" అని వాడి పాత ఫొటోలు చూపించండి.

నొప్పులు మొదలైనప్పుడు వాడు నిద్రలో ఉన్నాడని చెప్పకుండా జారుకోకండి. లేపి, ముద్దు పెట్టి, పోయొస్తానని చెప్పి వెళ్లండి. ఏడ్చినా ఫరవాలేదు. చెప్పకుండా మాయమైతే, తర్వాత నెలల తరబడి మీరు స్నానానికి పోయినా తలుపు దగ్గర కాపలా కాస్తాడు.

రెండో కాన్పు మొదటిదానికంటే తొందరగా అవుతుంది, ఇది గుర్తుంచుకోండి. పాకాల దగ్గరి పల్లె నుంచి తిరుపతికి 30 కిలోమీటర్ల పైనే. మొదటిసారి లాగా నొప్పులు బాగా పెరిగేదాకా ఇంట్లో కూర్చోకండి. పది నిమిషాలకొకసారి క్రమంగా వస్తున్నాయంటే బయల్దేరాల్సిందే. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, కడుపులో కదలిక తగ్గినా నొప్పులతో పనిలేకుండా వెంటనే పోవాలి. 108కి ఫోన్ చేసేది ఎవరు, అర్ధరాత్రయినా బాబు దగ్గర ఉండేది ఎవరు అన్నది ఈరోజే పేరుపేరునా తేల్చుకోండి. తల్లీబిడ్డ రక్షణ కార్డు, ఆధార్, స్కానింగు కాగితాలు ఒకే సంచిలో ఉండాలి.

బాబు మొదటిసారి చూడటానికి వచ్చేటప్పుడు పాపాయి మీ ఒళ్లో ఉండకూడదు, పక్కన పడుకోబెట్టి ఉండాలి. మీ రెండు చేతులూ వాడికోసం ఖాళీగా ఉంచండి. పాపాయిని చూస్తాడా చూడడా అన్నది వాడి ఇష్టం. చూడకపోయినా బలవంతం చేయొద్దు.

ప్రశ్న: మా పాపకు పద్దెనిమిది నెలలు, ఇంకా నా పాలు తాగుతోంది. నాకు ఇప్పుడు నాలుగో నెల. "కడుపులో బిడ్డ పాలు అది తాగేస్తోంది, చెడిన పాలు తాగి దానికి విరేచనాలు అవుతాయి" అంటున్నారు. వేపాకు నూరి రాసుకోమంటున్నారు. ఏం చేసేది?
– చంద్రగిరి నుంచి ఒక తల్లి

జవాబు: కడుపులో ఉన్నప్పుడు పాలు చెడవు. కడుపులో బిడ్డకు ఆహారం మాయ ద్వారా మీ రక్తం నుంచి అందుతుంది, రొమ్ము పాలకూ దానికీ సంబంధం లేదు. గర్భం మామూలుగా ఉన్నంతవరకు పాలు మాన్పించి తీరాలని లేదు. ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పయి ఉంటే, ఇప్పుడు రక్తం కనబడుతుంటే, కడుపులో కవలలుంటే, గర్భాశయ ముఖద్వారానికి కుట్టు వేసి ఉంటే మాత్రం డాక్టరును అడిగాకే కొనసాగించాలి.

గర్భం నాలుగో, అయిదో నెలకు వచ్చేసరికి పాలు వాటంతటవే తగ్గుతాయి. ముర్రుపాలు తయారవడం మొదలై రుచి కొంచెం ఉప్పగా మారుతుంది. చాలామంది పిల్లలు అప్పుడు వాళ్లంతట వాళ్లే మానేస్తారు. మీకు చనుమొనలు సలపడం కూడా ఈ నెలల్లోనే ఎక్కువ.

మాన్పించాలనుకుంటే ఒక్కొక్క పూట తగ్గించండి. ముందు మధ్యాహ్నం పాలు. వారం గడిచాక సాయంత్రానివి. నిద్రపోయే ముందు తాగేవి అన్నిటికంటే చివర. అడగకపోతే మీరుగా ఇవ్వకండి, అడిగితే కసిరి తోసేయకండి. అది పాలడిగే చోట, అడిగే వేళ మీరు కూర్చోకుండా ఉండటం సగం పని చేస్తుంది. వేపాకు, కారం వద్దు. నిన్నటిదాకా ఊరట ఇచ్చిన చోటే చేదు తగిలితే బిడ్డ బెదిరిపోతుంది. ఇంకో నష్టం మీకు: ఒక్కసారిగా మాన్పిస్తే పాలు గడ్డకట్టి రొమ్ము రాయిలా అవుతుంది. అలా అయితే ఉపశమనానికి సరిపడా కొంచెం పిండి, తడి గుడ్డ వేసుకోండి. ఎర్రబడి జ్వరం వస్తే ఆసుపత్రికి పోవాలి.

పద్దెనిమిది నెలల బిడ్డకు కడుపు నిండాల్సింది అన్నంతో. రోజుకు మూడు పూటల తిండి, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. సంగటిలో పప్పు, ఆకుకూర, నెయ్యి కలిపి పెట్టండి, గుడ్డు పెట్టండి, వేయించిన చెనక్కాయల పొడి అన్నంలో కలపండి. మీ పాలు మానేసింది కదా అని సీసాతో గేదె పాలు పట్టొద్దు. పశువు పాలు రోజుకు అర లీటరు దాటితే తిండి తినదు, రక్తహీనత వస్తుంది. మీ ఐరన్ మాత్ర సంగతి కూడా చెప్పాలి. దాన్ని కాల్షియం మాత్రతో కలిపి గానీ, కాఫీ టీలతో గానీ వేసుకుంటే ఒంటికి పట్టదు. రెంటికీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి.

కాన్పు తర్వాత కూడా పెద్దది పాలడిగితే ఇవ్వొచ్చు. ఒకటే నియమం: ముందు చంటిబిడ్డ, తర్వాతే పెద్దది. మొదటి నాలుగైదు రోజుల ముర్రుపాల విషయంలో ఇది మరీ ముఖ్యం. చంటిబిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. అయిదో రోజు దాటాక రోజుకు ఆరు గుడ్డలైనా మూత్రంతో తడుస్తుంటే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరితే పాలు సరిపోతున్నట్టే. అంగన్‌వాడీలో తూకం వేయించుకోండి.

ప్రశ్న: మాకు పాప పుట్టి నెల దాటింది. బాబుకు రెండున్నరేళ్లు. నా భార్య పాపకు పాలిచ్చేటప్పుడల్లా వచ్చి పాప కాలు గిల్లుతాడు, మా ఆవిడ జుట్టు లాగుతాడు. మానేసిన పాలసీసా మళ్లీ కావాలంటాడు, చెడ్డీ తడుపుతున్నాడు. కొడితే ఇంకా ఎక్కువ చేస్తున్నాడు. మంచి పిల్లోడు ఇట్లా అయిపోయాడేమిటి?
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: అయిపోలేదు. "నా చోటు ఇంకా ఉందా?" అని అడుగుతున్నాడు, మాటలు చాలక చేతులతో అడుగుతున్నాడు. తమ్ముడో చెల్లెలో పుట్టాక వెనకటి అలవాట్లకు జారడం ఈ వయసులో మామూలే. వారాల నుంచి రెండు మూడు నెలలు ఉంటుంది, తగ్గిపోతుంది. కొట్టడం ఆపేయండి. దెబ్బ పడినప్పుడైనా మీరు వాడివైపు చూస్తున్నారు కాబట్టే మళ్లీ చేస్తున్నాడు.

గిల్లబోయిన చేతిని మధ్యలోనే పట్టుకోండి. గొంతు పెంచకుండా ఒకే మాట: "గిల్లితే నొప్పి. ఇట్లా నిమరాలి." అదే చేత్తో పాప అరికాలిని నిమిరించండి. పాప ముఖం, తల వాడికి అప్పుడే అందనివ్వొద్దు, కాళ్లు చాలు. పదిసార్లు చెప్పినా పదకొండోసారి గిల్లుతాడు, అది మొండితనం కాదు, చేతిని ఆపుకునే శక్తి రెండున్నరేళ్లకు రాదు. అందుకే వాళ్లిద్దర్నీ ఒక్క నిమిషం కూడా పెద్దవాళ్లు లేకుండా ఒకే గదిలో వదలకూడదు. ప్రేమతోనే చేసే పనులు కూడా ప్రమాదమే: చంటిబిడ్డ ఏడుస్తోందని నోట్లో చెనక్కాయ పెడతాడు, ముఖం మీద దుప్పటి కప్పుతాడు, ఎత్తుకోబోతాడు.

పాలిచ్చే వేళే గొడవ ఎక్కువ, ఎందుకంటే అమ్మ రెండు చేతులూ బంధించి ఉండేది అప్పుడే. కాబట్టి దానికి ముందే సిద్ధం కావాలి. పాలకు కూర్చునే ముందు బాబును మూత్రానికి తీసుకుపోవాలి, నీళ్లు, అరటిపండు అందేచోట పెట్టాలి. ఒక బుట్టలో నాలుగు వస్తువులు – బొమ్మల పుస్తకం, మూతల డబ్బాలు, రంగు పెన్సిళ్లు, పాత గిన్నెలు – పాలిచ్చే సమయంలో మాత్రమే తీయాలి, అయ్యాక దాచేయాలి. రోజంతా బయట ఉంటే ఆ బుట్టకు విలువ ఉండదు. అమ్మ మంచం మీద కాకుండా కింద చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంటే వాడు పక్కన ఒరిగి కూర్చోగలడు, ఒక చెయ్యి వాడి భుజం మీద ఉంటుంది. పాలసీసా అడిగితే, గ్లాసులో పాలు పోసి ఒళ్లో కూర్చోబెట్టుకుని తాగించమనండి. వాడికి కావాల్సింది సీసా కాదు, ఒళ్లో చోటు.

ఇక మీ వంతు పని. రోజూ ఒకే వేళకు 15 నిమిషాలు పాపను మీరు ఎత్తుకుని బయటికి పొండి, బాబు అమ్మ దగ్గర ఒంటరిగా ఉండాలి. మీరు బాబును బండి మీద తిప్పితే ఆ పని తీరదు. ఆ పావుగంటలో ఫోను ఉండదు, ఏమి ఆడాలో వాడే చెబుతాడు. పొద్దున ఎంత అల్లరి చేసినా సరే, శిక్షగా దాన్ని రద్దు చేయకూడదు. సాధారణంగా ఇది క్రమంగా సాగిన ఇంట్లో గిల్లుళ్లు తగ్గుతాయి, చేసి చూడండి.

ఇంకో చిన్న ఉపాయం. "ఉండు, పాపకు పాలిచ్చి వస్తా" అని వాడు రోజుకు పదిసార్లు వింటున్నాడు. రెండుసార్లయినా పాపతో వాడికి వినబడేలా అనండి: "ఉండు పాపా, అన్నకు అన్నం పెట్టి వస్తా." పాపకు ఏమీ తెలియదు, వాడికి మాత్రం చాలా తెలుస్తుంది.

చూడటానికి వచ్చే చుట్టాల్ని కూడా కాస్త కట్టడి చేయాలి. "ఇంక నిన్నెవరూ ఎత్తుకోరు", "మీ చెల్లిని మేం తీసుకుపోతాం", "అమ్మకు పాపంటేనే ఇష్టం" లాంటి మేలమాటలు మనకు సరదా, వాడికి నిజం. గుమ్మం దగ్గరే చెప్పండి, ముందు బాబును పలకరించి తర్వాత పాపను చూడమని. "పెద్దోడివి కదా" అనే మాట కూడా తగ్గించండి. రెండున్నరేళ్లవాడు పెద్దవాడు కాదు.

చెడ్డీ తడిపితే తిట్టకుండా మార్చేయండి, రెండు గంటలకోసారి మీరే తీసుకుపొండి. మూత్రానికి పోతూ ఏడుస్తున్నా, జ్వరమున్నా, మలబద్ధకం ఉన్నా, దాహం విపరీతంగా పెరిగినా అది అలక కాదు, పరీక్ష చేయించాలి. వచ్చిన మాటలు పోతున్నా, తిండి మానేసి బరువు తగ్గుతున్నా పిల్లల డాక్టరుకు చూపించాలి.

మీ భార్యను కూడా గమనించండి. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోతే, పిల్లల మీద మనసు పోకపోతే అది జబ్బు, మందులతో నయమవుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనో బిడ్డను ఏదో చేయాలనో ఆలోచన వస్తోందంటే ఒంటరిగా వదలకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ప్రశ్న: ఆపరేషన్ అయి పన్నెండు రోజులు. మూడేళ్ల పాప "ఎత్తుకో" అని ఏడుస్తుంది. ఎత్తుకుంటే కుట్లు తెగుతాయా? ఇల్లు పైఅంతస్తులో.
– చిత్తూరు సోదరి

జవాబు: ఆరు వారాలదాకా చంటిబిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తకూడదు. మూడేళ్ల పిల్ల 12, 13 కిలోలు ఉంటుంది, నీళ్ల బిందె కూడా అంతే. పైన చర్మం మానినట్టు కనబడినా లోపలి పొరలు ఇంకా మానలేదు. ఎత్తుకోవడం బదులు ఎక్కించుకోవచ్చు: మీరు కూర్చోండి, పొట్ట మీద దిండు పెట్టుకోండి, పాప చిన్న పీట మీద నుంచి మంచమెక్కి మీ పక్కన చేరాలి. "కడుపుకు దెబ్బ తగిలింది, మానేదాకా కూర్చునే ఎత్తుకుంటా" అని చెప్పండి. పాపాయి వల్ల ఎత్తుకోలేనని మాత్రం అనకండి. స్నానం మీరు ఎత్తు పీట మీద కూర్చుని పోయవచ్చు. మెట్ల మీద పాప కమ్మీ పట్టుకుని తనే దిగాలి, ఎత్తి దించేది ఇంకెవరైనా. ఆరు వారాల తర్వాత కూడా నడుము వంచి కాదు, మోకాళ్లు వంచి కూర్చుని, పిల్లను ఒంటికి హత్తుకుని లేవాలి.

కుట్టు ఎర్రబడి చీము, వాసన వచ్చినా, 100.4 డిగ్రీలకు పైగా జ్వరం ఉన్నా, గంటకొక ప్యాడ్ తడిసిపోతున్నా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడుతున్నా, ఆయాసం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

ప్రశ్న: కోడలికి కాన్పయి పదిరోజులు. బిడ్డకు ఆముదం పట్టొద్దు, వస అరగదీసి నాకించొద్దు, సాంబ్రాణి వేయొద్దు, గాడిదపాలు వద్దు అంటుంది. మా పిల్లలందరూ అట్లానే పెరిగినారు కదా? పెద్ద మనవడికి మూడేళ్లు, వాణ్ణీ నేనే చూస్తుండా.
– ఒక అవ్వ, పుంగనూరు

జవాబు: అవ్వా, మీ చేతి సాయం లేకపోతే ఆ ఇల్లు నడవదు. అయితే మీరడిగిన నాలుగింటిలోనూ కోడలి మాటే సరైనది. ఆముదం నోట్లో పోసేటప్పుడు కొంచెం ఊపిరితిత్తుల్లోకి జారినా నూనె న్యుమోనియా వస్తుంది. ముక్కులో, చెవిలో చుక్కలు వేయడమూ అందుకే వద్దు. వస పసిబిడ్డకు విషం. గాడిదపాలు, చక్కెర నీళ్లు, గ్రైప్ వాటరు ఏవీ అక్కర్లేదు, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దు. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు తగలకూడదు, దానిలో ఉండే ఒక సూక్ష్మక్రిమి పసిపేగుల్లో పెరిగి కండరాలను పడగొడుతుంది. సాంబ్రాణి పొగ చంటిబిడ్డకే కాదు, మూడేళ్లవాడికీ దగ్గు తెస్తుంది. తల తుడిచి పొడిగుడ్డతో ఆరబెడితే చాలు.

బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడవండి, బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏవీ రాయకండి. పొడిగా వదిలేస్తే ఎక్కువమందికి రెండు వారాల్లోపు ఊడుతుంది. ఊడాక కొబ్బరి నూనెతో మెల్లగా ఒళ్లు రుద్ది గోరువెచ్చని నీళ్లు పోయండి, ఆ పని మీకంటే బాగా ఎవరికీ రాదు. బిడ్డ చనుమొనలు పిండి పాలు తీయడం మాత్రం వద్దు, చీము పడుతుంది. కాటుకలో సీసం ఉండొచ్చు, కంటికి పెట్టకుండా దిష్టిచుక్క అరికాలికి పెట్టండి. అరచేతులు, అరికాళ్లు పచ్చబడితే ఎండలో పెట్టి ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.

బాలింతకు నీళ్లు తగ్గించడం, కారప్పొడి అన్నంతో సరిపెట్టడం కూడా వదిలేయండి. ఆమెకు దాహమైనన్ని నీళ్లు, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు పడాలి. ఇంకో మాట: పెద్ద మనవణ్ణి రోజంతా మీరే ఉంచుకోకండి. రోజుకు రెండుసార్లు చంటిబిడ్డను మీ ఒళ్లోకి తీసుకుని, వాణ్ణి వాళ్లమ్మ దగ్గరికి పంపండి.

మూడేళ్లవాడి చేతికందే చోట చెనక్కాయలు, బఠానీలు, గుండీలు, గడియారం బ్యాటరీలు ఉండకూడదు. ఏడాదిలోపు బిడ్డ గొంతులో ఏదైనా అడ్డుపడి దగ్గలేక, ఏడవలేకపోతుంటే: ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి ఉంచి, రెండు రెక్కల మధ్య అరచేత్తో 5 సార్లు చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మధ్యన 5 సార్లు నొక్కండి. బయటపడేదాకా ఇదే మార్చి మార్చి చేస్తుండాలి, ఒకరు 108కి ఫోన్ చేయాలి. కనబడని వస్తువు కోసం వేలు పెట్టి కెలక్కూడదు, ఇంకా లోపలికి పోతుంది.

ప్రశ్న: మాది ఒకటే గది. ఇద్దరు పిల్లల్నీ ఎట్లా పడుకోబెట్టేది? ఎండాకాలం కాన్పు.
– రేణిగుంట

జవాబు: వరుస ఇలా ఉండాలి: గోడవైపు కాకుండా ఖాళీవైపు చంటిబిడ్డ తన వేరే చాప మీద, పక్కన అమ్మ, తర్వాత నాన్న, ఆ పక్కన పెద్దబిడ్డ. ఇద్దరు పిల్లలు పక్కపక్కన వద్దే వద్దు, నిద్రలో పెద్దబిడ్డ కాలో చెయ్యో పడితే పసిబిడ్డ తల తిప్పుకోలేదు. గట్టి పరుపు, వెల్లకిలా నిద్ర, తలగడ లేదు, ఆవాల దిండు కూడా లేదు, ముఖం మీదికి జారే దుప్పటి లేదు. దోమతెర ఉండాలి. చీర ఉయ్యాల పగలు, పెద్దవాళ్లు కళ్లముందు ఉన్నప్పుడు మాత్రమే. ఊపుతానని పెద్దది వేలాడుతుంది, ఎక్కబోతుంది. కాబట్టి నేలకు జానెడు ఎత్తులో కట్టి, కింద బొంత పరవండి.

తిరుపతిలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఒక పలుచని నూలు చొక్కా చాలు, ఫ్యాను వేయొచ్చు. ఏసీ ఉంటే 26, 27 దగ్గర ఉంచండి, గాలి నేరుగా తగలకూడదు. వేడికి బిడ్డకు నీళ్లు పట్టకండి, పాలే ఇంకో రెండుసార్లు ఇవ్వండి.

పెద్దబిడ్డను ఎనిమిదిన్నరకే పడుకోబెట్టండి. తొలిజాములో పసిపిల్ల ఏడుపుకు రెండేళ్ల పిల్లలు సాధారణంగా లేవరు.

ప్రశ్న: అంగన్‌వాడీకి పోయే పెద్దోడు జలుబు తెచ్చినాడు. చంటిదానికి ఇరవై రోజులు. వేరే ఇంటికి పంపాలా?
– పలమనేరు

జవాబు: పంపొద్దు. రాగానే సబ్బుతో చేతులు కడిగి బట్టలు మార్చండి, పాదాలకు తప్ప ముఖానికి ముద్దు వద్దు. తల్లికి జలుబున్నా ముక్కు, నోరు కట్టుకుని పాలివ్వాలి. పెద్దోడికి అంగట్లో దొరికే జలుబు సిరప్పులు పోయకండి. వాటిలో ఎక్కువగా వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వరాదని 2023లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది.

రెండు నెలల్లోపు బిడ్డకు ఏ జ్వరమైనా ఇంట్లో చూసే జబ్బు కాదు. ఒళ్లు వేడిగా గానీ చల్లగా గానీ ఉన్నా, పాలు తాగకపోయినా, నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, మందకొడిగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికే. ఊపిరిని బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టాలి.

ఈ సందట్లో అందరూ మర్చిపోయేది పెద్దబిడ్డ టీకాలు. 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టరు, పోలియో బూస్టరు, తట్టు–రుబెల్లా రెండో మోతాదు, అయిదేళ్లు దాటాక మళ్లీ డీపీటీ ఉన్నాయి. పెద్దబిడ్డకు కోరింత దగ్గు వస్తే ప్రాణం మీదికి వచ్చేది చంటిబిడ్డకు. చంటిదాన్ని ఆరో వారం టీకాకు తీసుకుపోయే రోజే పెద్దబిడ్డ కార్డు కూడా పట్టుకుపొండి.

ప్రశ్న: రెండోది పాప. ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తుందా? వెంటనే ఇంకో గర్భం రాకుండా ఏం చేయాలి?
– నగరి

జవాబు: రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ప్రధానమంత్రి మాతృవందన యోజనలో అర్హులకు 6,000 రూపాయలు వస్తాయి. అంగన్‌వాడీ కార్యకర్త దగ్గర దరఖాస్తు చేయండి, ఆలస్యం చేయకండి. పుట్టుక నమోదు 21 రోజుల్లోగా చేయించండి.

పాలిస్తున్నంతకాలం గర్భం రాదనుకోవద్దు. బిడ్డకు ఆరు నెలల్లోపు ఉండి, రాత్రీ పగలూ తల్లిపాలే ఇస్తూ, నెలసరి ఇంకా రాకుండా ఉంటేనే ఆ రక్షణ. మూడింటిలో ఒకటి తప్పినా లేదు. కాన్పయిన 48 గంటల్లోపు గానీ ఆరు వారాల తర్వాత గానీ కాపర్-టీ వేయించుకోవచ్చు. అంతర ఇంజెక్షను మూడు నెలలకొకటి, పాలిచ్చే తల్లికి ఆరు వారాల నుంచి. ఛాయ మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. ఇవన్నీ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ఒక కాన్పుకూ మళ్లీ గర్భం దాల్చడానికీ మధ్య కనీసం 24 నెలలు ఉండాలి.

ప్రశ్న: బాబుకు ఏడో నెల. తిరుమలలో తలనీలాలు ఇవ్వాలి, వెంట మూడేళ్ల పాప. ఘాట్ రోడ్డులో ప్రతిసారీ వాంతులే.
– తిరుపతి

జవాబు: ఇద్దరు పిల్లలకు ఇద్దరు పెద్దవాళ్లు తప్పనిసరి, కల్యాణకట్టలో బాబు తల కదలకుండా పట్టుకునేటప్పుడు పాప చెయ్యి ఇంకొకరి చేతిలో ఉండాలి. కొత్త బ్లేడు వేశారో లేదో చూసుకోండి. బాబు ఆకలితోనో నిద్రమత్తుతోనో ఉంటే తల ఆడిస్తాడు. కాబట్టి పాలిచ్చి, తేన్పు వచ్చాక అరగంట ఆగి కూర్చోబెట్టండి. నడినెత్తి మెత్తగా ఉండే చోట మెల్లగా గీయమని చెప్పండి. తర్వాత నీళ్లు పోసి, తుడిచి, కొబ్బరి నూనె రాసి టోపీ పెట్టండి, కొండ మీద గాలి చల్లగా ఉంటుంది.

పాపకు బయల్దేరడానికి గంట ముందు ఒక ఇడ్లీ చాలు, పాలు వద్దు. ముందుకు చూసేలా, అద్దం కొంచెం దించి కూర్చోబెట్టండి, చేతికి ఫోను ఇవ్వకండి. మలుపుల్లో ఫోను చూస్తే వాంతులు ఎక్కువవుతాయి. ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు సుపథం అనే ప్రత్యేక ప్రవేశ మార్గం మీదుగా దర్శనం ఉంది. బాబు జనన ధ్రువపత్రం, మీ ఇద్దరి ఆధార్ అసలు కార్డులు తీసుకుపొండి, వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు కనుక్కోండి.